షెడ్డులో కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన కారును ఇంటి గ్యారేజీలో సొంత చేతులతో బిగించుకోవడం గురించి ఈ మధ్య మాకు తరచుగా ఉత్తరాలు వస్తున్నాయి. ఎక్కువ భాగం బ్రిటన్, అమెరికాలలో ఉంటున్న తెలుగువారివి. స్వదేశం నుంచి వచ్చినవీ లేకపోలేదు. వాటిలో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, నేను ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఒకాయన కేటర్‌హామ్ సెవెన్ కారును కిట్‌గా కొని, ఇంట్లోనే బిగించుకుని, వేసవి ఆదివారాల్లో నడుపుకుంటున్నారు. నాకూ ఆ కోరిక పుట్టింది. కాలేజీ రోజుల్లో స్కూటర్ ప్లగ్గు తుడవడం, సైకిల్ చెయిన్ ఎక్కించడం తప్ప నాకు మెకానిక్ పని రాదు. ఒక్క కారు పట్టే గ్యారేజీ మాత్రమే ఉంది. ఇది నాలాంటి వాడికి సాధ్యమేనా? (ఎస్.వి., మిల్టన్ కీన్స్)

జవాబు: సాధ్యమే. కానీ పానా పట్టుకోవడం వచ్చా రాదా అన్నది మీకు రెండో ప్రశ్న కావాలి. ఈ బండికి నంబరు ప్లేటు ఎలా వస్తుందన్నది మొదటి ప్రశ్న. దానికి కాగితం మీద జవాబు రాసుకున్న తరువాతే అడ్వాన్సు కట్టండి.

సెవెన్ పుట్టుకలోనే కాగితాల ప్రమేయం ఉంది. 1957లో కోలిన్ చాప్‌మన్ నడిపిన లోటస్ కంపెనీ ఈ చిన్న రెండు సీట్ల కారును తెచ్చినప్పుడు, బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారుకు కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలకు పడేది కాదు. అందుకే కారును విడదీసి అమ్మారు. బిగించే పద్ధతి రాసి ఇస్తే అది పూర్తి కారు కిందికి వస్తుందని, విప్పే పద్ధతి రాసి ఇచ్చి దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకోమన్నారని ఒక కథ ఈ అభిరుచి ఉన్నవారు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ రావడంతో ఆ పన్ను లాభం పోయింది. ఆ ఏడాదే సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్‌కు వచ్చాయి. పన్ను మిగలకపోయినా జనం కిట్లు కొంటూనే ఉన్నారంటే, అసలు ఆకర్షణ డబ్బులో లేదని అర్థమవుతుంది. కాబట్టి చవగ్గా కారు వస్తుందన్న ఆశ ఉంటే ముందే వదిలేయండి. ఆ డబ్బుకు చక్కటి సెకండ్‌హ్యాండ్ కారు వస్తుంది, దానికి పైకప్పు కూడా ఉంటుంది.

కిట్లు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో ఛాసిస్, ఇంజను, గేరుబాక్సు, వైరింగు అన్నీ కొత్తవే, తయారీదారు దగ్గర నుంచే వస్తాయి. మీరు చేసేది బిగింపు మాత్రమే, వెల్డింగు అవసరం రాదు. రెండో రకంలో పాత కారు ఒకటి కొని, దాని ఇంజను, ఇరుసులు, స్టీరింగు విప్పి, కొత్త ఛాసిస్‌కు ఎక్కించుకోవాలి. మజ్దా ఎంఎక్స్-5 ఇందుకు బాగా పనికివస్తుంది. రెండోది చవక, అయితే ఇరవయ్యేళ్లు ఇంగ్లండు వానలో తడిసి తుప్పుతో ఒకటైపోయిన బోల్టులు విప్పడానికే మీ మొదటి చలికాలం గడిచిపోవచ్చు. మీ అనుభవానికి మొదటి రకమే తగినది.

స్థలం గురించి దిగులు పడనక్కరలేదు. సెవెన్ పొడవు దాదాపు 3.1 మీటర్లు. వీటిలో చిన్నదైన 170 మోడల్ వెడల్పు 1.47 మీటర్లే, అందులో ఉండేది 660 సీసీ సుజుకి మూడు సిలిండర్ల టర్బో ఇంజను, శక్తి 84 హార్స్‌పవర్, బండి మొత్తం బరువు 440 కిలోలు. మన మారుతి 800 కన్నా సుమారు రెండు వందల కిలోలు తక్కువన్నమాట. గ్యారేజీలో కారు పడుతుంది, అసలు చిక్కు పెట్టెలతోనే. సీట్లు, అద్దం, రెక్కలు వంటి చివరికి గానీ అవసరం రానివన్నీ మొదటి రోజే వచ్చి పడతాయి; వాటికి ఇంట్లో ఒక గది వదులుకోవడానికి ఇంట్లోవాళ్లను ముందే ఒప్పించండి.

పనిముట్లలో, బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే మంచి టార్క్ రెంచి ఒకటి తప్పనిసరి. బిగించిన ప్రతి బోల్టు మీద పెయింటు పెన్నుతో గీత పెట్టే అలవాటు చేసుకుంటే, ఫోను మోగి లేచి వెళ్లి వచ్చాక ఏది బిగించారో, ఏది చేత్తో తిప్పి వదిలేశారో సందేహం ఉండదు. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. బండి కింద మీరు ఉన్నంతసేపూ దాని బరువు స్టాండ్ల మీదే ఉండాలి. ఇంజను ఎత్తే క్రేను అద్దెకు దొరుకుతుంది, దాన్ని కొనవద్దు. ఇంజను, గేరుబాక్సులను బయటే జతచేసి ఒక్కటిగా దించడం మేలు. గేరుబాక్సు తోక కిందికి, ఇంజను ముక్కు పైకి ఉండేలా ఏటవాలుగా వేలాడదీసి, ఒకరు క్రేను దగ్గర, ఒకరు ఛాసిస్ దగ్గర నిలబడి అంగుళం అంగుళం దించాలి. అందరూ భయపడేది ఈ పనికే, నిజానికి ఇది ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఓపికను పరీక్షించేది వెనక డిఫరెన్షియల్, అంటే ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె. దాన్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టడానికి పక్కన పలుచటి వాషర్లు ఒక్కొక్కటే వేస్తూ, తీస్తూ, కొలుస్తూ, మళ్లీ వేస్తూ ఉండాలి. మొత్తం పని వంద గంటలకు అటూ ఇటూగా అవుతుందని అమ్మేవారు చెబుతారు. మొదటిసారి చేసేవారు దాన్ని రెట్టింపు చేసుకోవాలని నా అభిప్రాయం.

ఇక నంబరు ప్లేటు. బ్రిటన్‌లో ఇంట్లో బిగించిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే ప్రత్యేక తనిఖీలో నెగ్గాలి. 2009లో పాత ఎస్‌వీఏ స్థానంలో వచ్చిన ఈ తనిఖీని డీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ నిర్వహిస్తుంది. బ్రేకులు, లైట్లు, పొగ, శబ్దం, సీటు బెల్టుల పట్టు ఎలాగూ చూస్తారు. కొత్తవారు పట్టుబడేది అంచుల దగ్గర. 100 మిల్లీమీటర్ల బంతి తగలగలిగిన బయటి అంచు ఏదైనా కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి, అందుకే సస్పెన్షన్ బోల్టులకు ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకు రబ్బరు పట్టీలు తొడుగుతారు. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. మలుపు తిప్పి వదిలితే స్టీరింగు తనంతట తాను మధ్యకు రావాలి. చాలా బండ్లు ఈ చివరి దాని దగ్గరే ఫెయిలవుతాయి, కాబట్టి చక్రాల అలైన్‌మెంటు కొలతలను పరీక్షకు ముందే సరిచూసుకోండి. రసీదులన్నీ దాచండి, ప్రతి దశలోనూ తేదీతో ఫొటోలు తీయండి. ఈ బండిని మీరే కట్టారని, నంబర్లు ఇచ్చే డీవీఎల్ఏ సంస్థకు నిరూపించేవి అవే. ఏ భాగం ఎక్కడిదో తేల్చలేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అది తప్పేమీ కాదు గానీ, అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది.

ప్రశ్న: నేను కట్టుకుంటున్న కిట్ కారు దాదాపు పూర్తయింది. అయితే బ్రేకు నొక్కితే వెనక ఇండికేటర్లు మసకగా వెలుగుతున్నాయి, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దానితో పాటు కొట్టుకుంటోంది. ఫ్యూజులన్నీ బాగానే ఉన్నాయి. వైరింగు మొత్తం విప్పి మళ్లీ వేయాలా? (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, లెస్టర్)

జవాబు: దేన్నీ విప్పకండి. ఒక వైరు చాలు.

మామూలు కారులో రేకు శరీరమంతా బ్యాటరీ నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. బల్బును రేకుకు బిగిస్తే తిరుగు దారి దానంతట అదే దొరుకుతుంది. మీ బండి వెనక రెక్కలు ఫైబర్‌గ్లాస్‌వి, వాటిలో కరెంటు పారదు. అందువల్ల ప్రతి లైటుకూ నెగెటివ్ వైరు విడిగా ఛాసిస్ దాకా రావాలి. ఆ ఎర్త్ ఎక్కడో వదులైతే, బ్రేకు బల్బు గుండా వచ్చిన కరెంటు ఊరుకోదు, పక్కనున్న ఇండికేటర్ బల్బు తీగ గుండా వెనక్కి వెళ్లే దారి వెతుక్కుంటుంది. రెండు బల్బులూ మసకగా వెలుగుతాయి. మీరు రాసిన లక్షణాలు అచ్చంగా ఇవే.

నిర్ధారించుకోవడానికి పొడుగాటి వైరు ఒకటి తీసుకుని, ఒక కొసను ఆ లైటు నెగెటివ్ పిన్నుకు, ఇంకో కొసను నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు తాకించండి. లైట్లు మామూలైతే దోషం ఎర్త్‌దే. మల్టీమీటరు ఉంటే ఇంకా మంచిది: లైటు వెలుగుతుండగా దాని ఎర్త్‌కు, బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య వోల్టేజీ చూడండి. అది 0.1, 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఎక్కువసార్లు ఆ అడ్డు ఛాసిస్ మీది రంగు పూత, అంటే పౌడర్ కోటింగే అవుతుంది. అది చూడ్డానికి ఎంత అందమో కరెంటును ఆపడంలో అంత మొండి. ఎర్త్ బోల్టు పెట్టేచోట దాన్ని ఇనుము మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషరు వేసి బిగించి, ఆ తరువాత తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయండి.

పనిలో పనిగా ఇంజను ఎర్త్ కూడా చూడండి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక, దాన్ని ఛాసిస్‌కు కలిపే మందపాటి ఎర్త్ పట్టీ లేకపోతే స్టార్టర్ లాగే వందల ఆంపియర్లకు దారి ఉండదు. అప్పుడు ఆ కరెంటు ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న ఏ ఇనుప తీగనైనా పట్టుకుంటుంది. నేను కట్టిన మొదటి బండికి ఆ పట్టీ బిగించడం మరిచిపోయి తాళం తిప్పాను; ఇంజను కదల్లేదు, యాక్సిలరేటర్ కేబుల్ తొడుగు మాత్రం పొగలు కక్కుతూ కరిగిపోయింది. పట్టీ బల్ల సొరుగులో భద్రంగా ఉంది.

మీరు ఇంజను ఇంకా మొదటిసారి తిప్పి ఉండకపోతే మరొక్క మాట. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఆయిలు ప్రెషర్ మీటరు లేచేదాకా స్టార్టరుతో విడతలు విడతలుగా తిప్పండి. బేరింగులకు ఆయిలు అందకముందే ఇంజను అంటుకుంటే, ఆ మొదటి నిమిషంలో జరిగిన అరుగుదల మళ్లీ సర్దుకోదు.

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఒకాయన సగం కట్టిన కోబ్రా రెప్లికాను (1960ల నాటి కోబ్రా స్పోర్ట్స్ కారుకు నకలు) కిట్ ధరలో సగానికే అమ్ముతానంటున్నారు. కొనవచ్చునా? (ఆర్.కె., ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఇటువంటి బేరాలు ఎప్పుడూ ఉంటాయి, ఎందుకంటే మొదలుపెట్టిన వారందరూ పూర్తి చేయరు. ముందు కాగితాలు అడగండి. మీ దేశంలో ఈ రకం కిట్లకు పేరున్న ఫ్యాక్టరీ ఫైవ్ సంస్థ (1995లో మసాచుసెట్స్‌లో మొదలైంది) వంటివి కిట్‌తో పాటు, అది తమ దగ్గర తయారైనదని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఇస్తాయి. అది లేకుండా, పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు నుంచి ఇంజను తీసి ఉంటే ఆ మస్టాంగ్ టైటిల్ (యాజమాన్య పత్రం) కూడా లేకుండా, రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గర మీరు పడే తిప్పలకు ఆ సగం ధర కూడా ఎక్కువే. నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. కాలిఫోర్నియాలో పొగ నిబంధనల సడలింపుతో నమోదయ్యే ఇటువంటి బండ్లు ఏటా మొదటి 500 మాత్రమే. రేపు మీరు ఉద్యోగరీత్యా ఆ రాష్ట్రానికి మారే అవకాశం ఉంటే అది కూడా లెక్కలోకి తీసుకోండి.

కాగితాలు సరిగా ఉంటే, ప్యాకింగ్ జాబితా చేతపట్టుకుని పెట్టెలన్నీ తెరిపించి, ఒక్కొక్క భాగానికీ టిక్కు పెట్టుకోండి. ఆయన బిగించిన బ్రేకు పైపులను, స్టీరింగు జాయింట్లను నమ్మకండి. విప్పి మీరే మళ్లీ బిగించండి. ఎన్నో ఏళ్లు ఊరికే పడి ఉన్న బండి అయితే టైర్లు, రబ్బరు గొట్టాలు వాడకపోయినా పాతబడినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. పాత మారుతి 800 ఇంజనుతో రెండు సీట్ల కారు కడతానంటున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఉత్త ఛాసిస్ తెచ్చి లారీ బాడీ కట్టిస్తూనే ఉన్నారు కదా, మనం కారు కట్టుకుంటే తప్పేమిటని వాదిస్తున్నాడు. వాడికి ఏమని చెప్పమంటారు? (ఒక తండ్రి, రాజమహేంద్రవరం)

జవాబు: మీ అబ్బాయి వాదన తెలివైనదే, కానీ ఒక్క చోట జారింది. ఆటోనగర్‌కు వచ్చే ఛాసిస్‌లో ఇంజను, బ్రేకులు, స్టీరింగు, ఇరుసులు అన్నీ తయారీ కంపెనీ బిగించినవే. ఆ నమూనాకు అధీకృత సంస్థ నుంచి ఆమోదం ముందే వచ్చి ఉంటుంది. బాడీ కట్టేవారు దాని మీద పెట్టె మాత్రమే కడతారు. మీ అబ్బాయి కట్టదలచినదానిలో బ్రేకుల నుంచి మొదలుకొని అన్నీ అతని సొంత నిర్ణయాలే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం కొత్త వాహనం నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్షింపజేసి ఆమోదం పొందాలి. అది కంపెనీలు భరించగలిగిన ఖర్చు, ఒక కుటుంబానికి కాదు. బ్రిటన్‌లోని ఐవీఏ లాగా, ఇంట్లో కట్టిన ఒకే ఒక్క బండిని చూసి రోడ్డు మీదికి పంపే సులువైన మార్గం మన దగ్గర లేదు.

పోనీ, ఉన్న మారుతి 800 ఆర్సీ మీదే కొత్త శరీరం కట్టి తిప్పుదామనుకుంటే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి పాత సామాన్లతో, కిక్కు కొట్టి స్టార్టు చేసే చిన్న నాలుగు చక్రాల బండి కట్టినప్పుడు, ఆనంద్ మహీంద్రా దాన్ని మెచ్చుకుంటూనే, నిబంధనలకు విరుద్ధం కనుక అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారని రాశారు. 2022 జనవరిలో ఆ బండి తీసుకుని ఆ కమ్మరికి బొలెరో ఇచ్చారు. అందరికీ అటువంటి ముగింపు దొరకదు.

అంతమాత్రాన అబ్బాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. రిజిస్ట్రేషన్ అడిగేది బహిరంగ రోడ్డు. రేసు ట్రాకు అడిగేవి వేరు. ఇదే మారుతి 800 ఇంజనును పెట్టి కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారును రూపొందించారు. కొద్ది ఖర్చుతో రేసింగు నేర్చుకోవడానికి ఈ దేశంలో ఒక తరానికి అదే బడి. ఆయన పేరు మీదే అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. రోడ్డు కార్లలోనూ ఒక ప్రయత్నం జరిగింది: అంబాసిడర్‌లో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుతో, లోటస్ సెవెన్ పోలికలో చింకారా మోటార్స్ ఒక రోడ్‌స్టర్‌ను తయారు చేసింది. అయితే అది ఒక సంస్థ చేసిన పని.

మీ అబ్బాయికి దగ్గరి దారి కాలేజీయే. ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల్లో జట్టుగా కలిసి, పైపులు వంచి, వెల్డు చేసి, బండి మొత్తం తామే కట్టి నడపాలి. ఫార్ములా భారత్ అనే పోటీలో ట్రాకు మీద నడిచే ఒంటి సీటు కారు కడతారు. అక్కడి తనిఖీ అధికారులు ప్రతి వెల్డునూ, ప్రతి బోల్టునూ చూస్తారు. ఎందుకు ఈ మందం పైపు తీసుకున్నావని అడిగితే కాగితం మీద లెక్క చూపించాలి. షెడ్డులో ఒంటరిగా కట్టే బండి కన్నా అతనికి అక్కడే ఎక్కువ పని వస్తుంది. పాత మారుతిని కూడా అమ్మేయకండి. దాని ఇంజను విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, మళ్లీ బిగించి, మొదటి తాళంకే స్టార్టు చేయగలిగితే, జట్టులో అతని మాటకు విలువ ఉంటుంది.

ప్రశ్న: మా వారు రెండేళ్లుగా గ్యారేజీలో కారు కడుతున్నారు. తొంభై శాతం అయిపోయిందని ఏడాదిగా చెబుతున్నారు. మా రోజువారీ కారు వానలో నిలబడుతోంది. ఇది ఎప్పటికి పూర్తవుతుందో ఎలా తెలుసుకోవాలి? (ఒక గృహిణి, స్లౌ)

జవాబు: అమ్మా, ఆయన అబద్ధం చెప్పడం లేదు. కంటికి కనిపించేది తొంభై శాతం నిజంగానే అయి ఉంటుంది. మిగిలిన పదిలో అంచులకు రబ్బరు తొడగడం, అద్దాలు సరిచేయడం, పొగమంచు లైటు, కారుతున్న ఒక గొట్టం, దొరకని ఒక రసీదు వంటివి ఉంటాయి. ఒక్కొక్కటీ అరగంట పనే, ఏదీ ఉత్సాహం కలిగించేది కాదు. కూర్చోబెట్టి ఆ మిగిలిన పనులన్నీ ఒక కాగితం మీద రాయించి గ్యారేజీ గోడకు అంటించండి. శాతం ఎంత అని అడగకండి, ఈ వారం ఎన్ని కొట్టేశారని అడగండి. కాగితంలో పదిహేను కన్నా తక్కువ మిగిలినప్పుడు ఐవీఏ దరఖాస్తు పంపమనండి. తేదీ ఖాయమైతే చేతులు వాటంతట అవే కదులుతాయి. ముందుగా తేదీ తీసుకున్న పరీక్షకు, ఇన్సూరెన్సు ఉంటే బండిని నడుపుకుంటూ వెళ్లి రావచ్చు కూడా.

ఒంటరిగా చేయడం కష్టమైన పని ఒకటి ఆ జాబితాలో తప్పక ఉంటుంది: బ్రేకు పైపుల్లోని గాలి తీయడం. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి. మీకు వీలైతే ఆ లోపలి సీటు మీరు తీసుకోండి. బ్రేకు ఆయిలు కొట్టే మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. ఆయన "తొక్కు" అన్నప్పుడు తొక్కి, మర బిగించి "వదులు" అనేదాకా కాలు తీయకండి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, ఆ చక్రం మొదటి నుంచి చేయాలి. బ్రేకు ఆయిలు పెయింటును తినేస్తుంది కనుక, తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి.